పురపాలనము - నలుగురి భాష

ప్రభుత్వమనే మాట వినగానే మనలో చాలమందికి శాసనసభ, సచివాలయము, ఢిల్లీ నగరము స్మరణకు వస్తాయి. అయితే తెల్లవారి వీధి తలుపు తీయగానే మనకు ఎదురుపడే ప్రభుత్వము వేరొకటి ఉన్నది. వీధి ఊడ్పించేది, మురుగు తీయించేది, దీపము వెలిగించేది, పుట్టిన బిడ్డ పేరును, గతించిన పెద్దల పేరును రిజిస్టరులో వ్రాయించేది, ఇంటికి నెంబరు వేసేది, వేసిన పిమ్మట ఆ ఇంటి మీద పన్ను అడిగేది ఆ ప్రభుత్వమే. గ్రంథభాషలో దానిని నగరపాలక సంస్థ అంటాము. హైదరాబాదు బస్తీలలో దాని పేరు బల్దియా. నగరమనే అర్థము గల అరబ్బీ మాటనుండి పుట్టిన ఈ పదము ఉర్దూ ద్వారా వచ్చి, తెలుగువారి నోట తెలుగు మాటయే అయి కూర్చున్నది.

ఈ బల్దియా ప్రజలతో ఏ భాషలో మాట్లాడుతూ వచ్చినది? ప్రజల పక్షమున అందులో మాట్లాడేవారు ఎవరు? నేటి ప్రసంగములో ఈ రెండు ప్రశ్నలను శ్రోతలతో ముచ్చటించదలచినాము. పైకి రెండుగా కనిపించినా, విచారించి చూస్తే ఇవి ఒకదానినొకటి పట్టుకొని ఉన్న ప్రశ్నలు. ఉదాహరణకు నగరము నడిబొడ్డున, మూసీనదికి ఉత్తరపు ఒడ్డున, ఆబిడ్సుకు, నాంపల్లికి చేరువలో ఉన్న గౌలిగూడను తీసుకొందాము.

ముందుగా ఆ పేరును విప్పి చూడండి. గౌలి అంటే పశువులను పెంచి పాడి మీద బ్రతికేవాడు. మరాఠీలో గవళి, దక్కనీలో గౌలి, మన తెలుగులో గొల్ల. గూడ అన్నది మన గూడెమే. ఆ పేటలోనే ఒక భాగమునకు గౌలిగూడ చమన్ అని పేరు. చమన్ అంటే పారసీలో తోట. ఒక జాబు మీద వ్రాసే చిరునామాలోనే మూడు భాషలు పక్కపక్కన కూర్చున్నవి. నాలుగడుగులు వేస్తే పుత్లీబౌలి. బౌలి అంటే దిగుడుబావి. మరికొంత దూరములో జాంబాగు, అనగా జామతోట. మరొకవైపు ఫీల్‌ఖానా, అనగా ఏనుగులసాల. ఇంగ్లీషువారి రెసిడెంటు నివసించిన భవనమే కోఠీ. పద్దెనిమిదవ శతాబ్ది చివర ఫ్రెంచి సేనాని రేమండ్ నిజాము సైన్యమునకు ఫిరంగులు పోతపోయించిన చోటును కొందరు గన్‌ఫౌండ్రీ అంటారు, కొందరు తోప్ కా సాంచా అంటారు. రెండు పేర్లకూ అర్థము ఒకటే. రిక్షావానికి రెండు పేర్లూ తెలుసును.

పేర్లు ఎన్ని భాషలవో మనుషులూ అన్ని భాషలవారే. పాడి వృత్తివారితో పాటు మరాఠీ కుటుంబాలు, కన్నడ కుటుంబాలు, బేగంబజారు వర్తకముతో వచ్చిన మార్వాడీలు, గుజరాతీలు, ఉర్దూ మాట్లాడే ముస్లిములు, హిందువులు, జిల్లాలనుండి వచ్చి స్థిరపడిన తెలుగువారు ఈ పరిసరాలలో ఇరుగుపొరుగులై ఉన్నారు. గౌలిగూడలో రామమందిరము ఉన్నది, సిక్కుల గురుద్వారా ఉన్నది. నిజాము రాష్ట్ర రైల్వేవారు 1932లో 27 బస్సులతో, 166 మంది సిబ్బందితో రోడ్డు రవాణాను ప్రారంభించినప్పుడు ఇక్కడి పెద్ద రేకుల షెడ్డే బస్సులకు నిలయమైనది. గుండ్రని కప్పుతో విమానశాలవలె ఉండిన ఆ షెడ్డు 2018 జూలైలో కూలిపోయినది. దాని సమీపముననే మూసీ నడుమ నిర్మించిన మహాత్మాగాంధీ బస్సు స్టేషనుకు తెలుగు జిల్లాలనుండియేకాక మహారాష్ట్ర, కర్ణాటకముల నుండియూ ప్రయాణికులు వచ్చి దిగుతారు. నగరమనే పెద్ద గ్రంథమునకు గౌలిగూడ ఒక చిన్న విషయసూచిక అనవచ్చును.

ఇట్టి పేటను పాలించే సంస్థ కథ 1869లో ఆరంభమైనది. మొదటి సాలార్ జంగు ప్రధానమంత్రిగా ఉండగా పురపాలనమునకు, రోడ్ల సంరక్షణకు ఒక శాఖను ఏర్పాటు చేసి, దానికొక అధికారిని నియమించినారు. అప్పటి నగరము 55 చదరపు కిలోమీటర్లు. జనము సుమారు మూడున్నర లక్షలు. నదికి ఈవల పెరుగుతున్న చాదర్‌ఘాట్ ప్రాంతమును 1886లో విడదీసి, మరొక అధికారి చేతిలో పెట్టగా అది వేరొక పురపాలక సంఘమైనది. ఇవి రెండూ చాలవన్నట్లు కోఠీ చుట్టూ ఉన్న రెసిడెన్సీ బజారులలో ఇంగ్లీషువారి అధికారము సాగినది. అనగా ఒకే నగరములో, ఒక వీధి దాటితే ఒక దొరతనము, మరొక వీధి దాటితే మరొక దొరతనము. చెత్తకు మాత్రము సరిహద్దులు తెలియవు కదా!

ఆ కాలపు పాలనలో ప్రజలకు పాత్ర లేదు. పాలనభాష మొదట పారసీ. పంతొమ్మిదవ శతాబ్ది చివరి దశకాలలో ఆ స్థానమునకు ఉర్దూ వచ్చినది. నదికి ఆవలి పాతబస్తీలో ఉర్దూ ఇంటి భాషయే. ఈవలి ఒడ్డున గొల్లవానికి, బట్టల నేతగానికి, జిల్లానుండి వచ్చిన కూలివానికి అది బజారులో పని జరిగేందుకు చాలేటంత మాత్రమే తెలుసును. కచేరీకి పోవలసివస్తే దరఖాస్తు వ్రాసిపెట్టేవాని చేతిలో నాలుగు డబ్బులు పెట్టవలసినదే.

1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి నగరమును ముంచివేసినది. వేలకొలది ప్రాణాలు పోయినవి. ఆ విపత్తు తరువాతనే హైదరాబాదులో నగర నిర్మాణమును శాస్త్రీయముగా ఆలోచించడము మొదలైనది. మోక్షగుండము విశ్వేశ్వరయ్యగారిని పిలిపించి సలహా తీసుకొన్నారు. 1912లో నగరాభివృద్ధి సంస్థ ఏర్పడినది. ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు జలాశయాలు వెలసినవి. విశాలమైన రోడ్లు పడినవి. మొజంజాహీ మార్కెటు లేచినది. ఈ పనులు గొప్పవే. కాని వీటిని నిర్ణయించినవారు అధికారులు, ఇంజనీర్లు. తన వీధి ఎటు పోవలెనో చెప్పేందుకు ఆ వీధివానికి ఇంకను ఒక పీట దొరకలేదు.

ఆ పీట 1934లో మొదటిసారిగా దొరికినది. 1933లో చాదర్‌ఘాట్ సంఘమును హైదరాబాదు సంఘములో కలిపి, చట్టము చేసి, కార్పొరేషను హోదా ఇచ్చినారు. రెసిడెన్సీ బజారులు కూడ ఆ సంవత్సరమే నిజాము ప్రభుత్వమునకు తిరిగి వచ్చినవి. మరుసటి ఏడు ఎన్నికలు జరిగినవి. కాని 1942లో ఆ హోదాను తీసివేసినారు. 1948లో హైదరాబాదు సంస్థానము భారతదేశములో విలీనమైన పిమ్మట, 1950లో కొత్త చట్టముతో కార్పొరేషను తిరిగి ప్రాణము పోసుకొన్నది. 1951లో ఎన్నికలు జరిగి, మాడపాటి హనుమంతరావుగారు మేయరైనారు.

మాడపాటివారి పేరు రాగానే భాష సంగతి ముందుకు వస్తున్నది. దానికొరకు మనము ముప్పది సంవత్సరాలు వెనుకకు, మరల ఈ గౌలిగూడ పరిసరాలకే పోవలెను. అక్కడి వివేకవర్ధని విద్యాసంస్థ మరాఠీ పెద్దలు ప్రేమతో పెంచినది. 1921 నవంబరులో ఆ నాటకశాలలో సంఘసంస్కార సభ జరిగినది. స్త్రీ విద్యకు జీవితమును ధారపోసిన మహర్షి కర్వేగారు అధ్యక్షులు. ఇంగ్లీషులో, ఉర్దూలో, మరాఠీలో ప్రసంగాలు సాగినవి. ఎవరికిని అభ్యంతరము కలుగలేదు. ఆలంపల్లి వెంకటరామారావు అనే వకీలు లేచి ఒక తీర్మానము మీద తెలుగులో మాట్లాడబోయినారు. సభలో అధిక సంఖ్యాకులు మరాఠీ, కన్నడ భాషలవారు. వారు నవ్వినారు, చప్పట్లు చరచి అల్లరి చేసినారు. ఆయన మాట సాగలేదు.

సభలో ఉన్న కొద్దిమంది తెలుగువారి మనస్సులకు అది ములుకువలె తగిలినది. వారు టేక్మాల్ రంగారావుగారి ఇంట కూడి ఆంధ్ర జనసంఘమును స్థాపించుకొన్నారు. ఆ కొద్దిమందిలో మాడపాటివారు ఉన్నారు, బూర్గుల రామకృష్ణారావుగారు ఉన్నారు. అంతకు ఇరువది ఏండ్ల ముందు, 1901 సెప్టెంబరు 1వ తేదీన, ఈ ప్రాంతములోనే వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము వారికి ఆలంబనము. ఆ సంఘమునుండి గ్రంథాలయాలు, పాఠశాలలు, తరువాత ఆంధ్ర మహాసభ, దాని వెంట తెలంగాణములోని గొప్ప ప్రజాచైతన్యము పుట్టుకవచ్చినవి.

ఈ కథను చెప్పుకొనేటప్పుడు మనము సాధారణముగా ఒక సంగతిని తేలికగా దాటిపోతాము. ఆనాడు తెలుగును నవ్వినవారు పాలకులు కారు. వారూ పాలితులే, వారి భాషకు కూడ కచేరీలో చోటు లేదు. వారు చదువుకొన్నవారు, సంస్కరణకొరకు కూడినవారు, పక్కయింటివారు. భాషను అవమానించడమునకు సింహాసనము అవసరము లేదు. సభలో నలుగురు ఎక్కువ ఉంటే చాలును. ఈ ఎరుక తెలుగువారికి నేడు మరింత అవసరము. నేడు సంఖ్యలో ఎక్కువవారు మనమే కనుక.

మాడపాటివారు దీనిని చక్కగా గ్రహించినవారు. ఆయన ఉర్దూ బాగుగా నేర్చినవారు. ప్రేమ్‌చంద్ కథను తొలినాళ్ళలోనే తెలుగులోనికి తెచ్చినవారు. 1928లో తెలుగు మాధ్యమముతో బాలికలకు పాఠశాల పెట్టినప్పుడు ఇక్కడ దానికి గుర్తింపు దొరకలేదు. అప్పుడు ఆయన దానిని పూనాలోని మహిళా విశ్వవిద్యాలయమునకు అనుబంధించినారు. ఆ విశ్వవిద్యాలయమును స్థాపించినవారు మరెవరో కాదు, 1921 సభకు అధ్యక్షత వహించిన కర్వేగారే. ఒక మరాఠీ సభలో అడ్డుపడిన తెలుగు మాటకు ఒక మరాఠీ మహనీయుని విద్యాపీఠమే నీడ ఇచ్చినది. అట్టి అనుభవముగల వ్యక్తి, అన్ని భాషలవారు కూర్చునే నగరసభకు మేయరు కావడము ఎంతయు ఉచితముగా ఉన్నది.

ఇక ఈ సభ పనిచేసే తీరును కొంత తెలుసుకొందాము. 1955లో రూపొందిన హైదరాబాదు మునిసిపల్ కార్పొరేషన్ల చట్టము ప్రకారము నగరపాలన మూడు అంగాల మీద నడుస్తుంది: ప్రజలెన్నుకొన్న సభ్యులతో కూడిన కార్పొరేషను, దానిలోనుండి ఏర్పడిన స్థాయీసంఘము, ప్రభుత్వము నియమించే కమిషనరు. మేయరు సభకు పెద్ద; ఊరేగింపులో ముందు నడిచేవాడు ఆయనే. కాని ఉద్యోగులు, ఉత్తరువులు, అమలు కమిషనరు చేతిలో ఉంటాయి. బండి ఎటు పోవలెనో సభ చెప్పవలెను, పగ్గాలు మాత్రము అధికారి పట్టుకొంటారు. ఈ రెంటికి పొత్తు కుదిరినప్పుడు పనులు సాగుతాయి. కుదరనప్పుడు ఫైళ్ళు సాగుతాయి.

దీనికి తోడు చాల పనులు బల్దియా చేతిలో లేనేలేవు. నీటి సరఫరా, మురుగునీటి పారుదల 1989లో వేరొక బోర్డునకు పోయినవి. నగరాభివృద్ధి ప్రణాళిక మరొక సంస్థది. రాకపోకల అదుపు పోలీసులది. నల్లా రానినాడు ప్రజలు బల్దియాను తిట్టుకొంటారు. బల్దియావారు నీటి బోర్డు వైపు వేలు చూపుతారు. ఎవరిని అడుగవలెనో తెలిసిన పౌరునికి సగము పని అయినట్లే. ఆ తెలియజెప్పడము ఎవరు చేయవలెను? ఏ భాషలో చేయవలెను? మరల మన మొదటి ప్రశ్నలకే వచ్చినాము.

1960 ఆగస్టులో సికింద్రాబాదును కూడ కలుపుకొని జంటనగరాలు ఒకే కార్పొరేషనైనవి. 2007 ఏప్రిల్‌లో 12 పురపాలక సంఘాలను, 8 గ్రామ పంచాయతీలను చేర్చి బృహత్ హైదరాబాదు నగరపాలక సంస్థగా చేసినప్పుడు విస్తీర్ణము సుమారు 625 చదరపు కిలోమీటర్లయినది. 2025లో సరిహద్దులను మరింత పెంచే నిర్ణయము జరిగినది. 55 చదరపు కిలోమీటర్ల ఊరు ఎంతగా పెరిగినదో చూడండి.

పెరుగుదల ఇట్లుండగా, సభ మాత్రము ఎడతెగక సాగలేదు. 1970 తరువాత 1986 వరకు ఎన్నికైన సభ లేదు. 1991 తరువాత 2002 వరకు మరల లేదు. ఆ సంవత్సరాలలో ప్రత్యేకాధికారులు పాలించినారు. వారిలో సమర్థులు ఉండవచ్చును, రోడ్లు వేసినవారు ఉండవచ్చును. కాని 1970లో పుట్టిన బిడ్డకు పదహారేండ్లు వచ్చేవరకు తన వార్డు సభ్యుడు అన్నవాడు ఎవరో తెలియలేదు. సభ ఉన్నప్పుడు గౌలిగూడ ముసలమ్మ తన మోరీ గోడును తన మాటలలో వార్డు సభ్యుని ఇంటి అరుగు మీద కూర్చుండి చెప్పుకొంటుంది. ఆ మాట హిందీ కావచ్చును, మరాఠీ కావచ్చును, తెలంగాణపు తెలుగు కావచ్చును. ఓటు కావలసినవాడు దానిని అర్థము చేసుకోక తప్పదు. సభ లేనప్పుడు ఆమె దరఖాస్తు వ్రాయించవలెను. అదియు కచేరీకి తెలిసిన భాషలో వ్రాయించవలెను. ఎన్నికలు ఆగిపోయిననాడు ప్రజల భాష కూడ పాలననుండి తప్పుకొంటున్నది. మేము ఈ ప్రసంగములో ప్రధానముగా మనవి చేయదలచినది ఇదే.

ఈ లోపమును గుర్తించియే 74వ రాజ్యాంగ సవరణము, 1993 జూన్ నుండి అమలులోనికి వచ్చి, నగర సభల కాలము అయిదేండ్లని, గడువు ముగియకముందే ఎన్నికలు జరుగవలెనని నిర్దేశించినది. మూడు లక్షలకు మించిన జనాభాగల నగరాలలో వార్డు సంఘాలు ఉండవలెనన్నది. స్త్రీలకు మూడవవంతు స్థానాలు కేటాయించినది. హైదరాబాదులో అది తరువాత సగమైనది. 1962లో రాణీ కుముదినీదేవిగారు నగరమునకు తొలి మహిళా మేయరైనారు. ఆ తరువాత మరికొందరు మహిళలు ఆ పీఠమును అలంకరించినారు. ఈ సవరణము వచ్చిన తరువాత కూడ 2002 వరకు ఎన్నికలకొరకు ఎదురుచూడవలసి వచ్చినదంటే, చట్టము ఒక్కటే చాలదని తెలుస్తున్నది.

రాజకీయ పక్షాల సంగతి కొంత చెప్పుకొందాము. 1980ల చివర నగరసభలో మజ్లిసు పక్షము మేయరు పదవిని పొందినప్పుడు, ఆ పక్షము తరఫున ప్రకాశరావు, సత్యనారాయణ, పోచయ్య అనే పేర్లుగల హిందువులు కూడ మేయర్లయినారు. 2002లో మేయరును ప్రజలు నేరుగా ఎన్నుకొన్నారు. 2016లో 150 వార్డులలో 99 ఒకే పక్షమునకు దక్కగా, 2020 డిసెంబరులో 56, 48, 44 చొప్పున మూడు పక్షాలు పంచుకొన్నవి. రెండు కాంగ్రెసుకు వచ్చినవి. ఇట్లు ఓటరు ఎవరికిని శాశ్వత పట్టా వ్రాసి ఇవ్వలేదు. ప్రజాస్వామ్యమునకు ఇది ఆరోగ్య లక్షణమే. కాని ఆ 2020 ఎన్నికలలో ఓటు వేసినవారు నూటికి సుమారు 46 మంది మాత్రమే. సగముకంటె ఎక్కువమంది ఇంటనే ఉండిపోయినారు. మురుగు గురించి ఏడాది పొడుగునా మాట్లాడి, మాట్లాడవలసిన ఒక్కదినము మౌనము వహించడము ఏమి న్యాయము?

ఇక వాడుకలోని మాటలను చూద్దాము. భాషల కలయికను పండితులు నిర్ణయించకముందే ప్రజలు నిర్ణయించుకొన్నారు. దరఖాస్తు, మంజూరు, రద్దు, జప్తు, వసూలు, రశీదు, నకలు, తాఖీదు, హాజరు, జమేదారు, సఫాయి: ఇవి పారసీ, అరబ్బీ మూలాలనుండి వచ్చినవి. కోస్తా జిల్లాల రైతు కూడ వీటిని తన మాటలుగానే వాడుకొంటాడు. హైదరాబాదు తెలుగు ఇంకొక అడుగు ముందుకు వేసి కుళాయిని నల్లా అన్నది, మురుగు కాలువను మోరీ అన్నది, స్థలమును గజాలలో కొలిచినది. పన్ను, కాలువ, వీధి అన్న తెలుగు మాటలు ఉర్దూ మాట్లాడే ఇండ్ల చెవులకును కొత్తవి కావు. వార్డు, నోటీసు, లైసెన్సు అనేవి ఇంగ్లీషునుండి వచ్చి అందరికి చుట్టాలైనవి. పాత ఇండ్ల గోడలమీద మూడు అంకెల నెంబరు ఉంటుంది: మొదటిది వార్డు, రెండవది బ్లాకు, మూడవది ఇల్లు. ఆ అంకెలు ఏ భాషవానికైనా తెలుస్తాయి. వాటితో పాటు వచ్చే కాగితము అంత సులభముగా తెలుస్తున్నదా?

రాష్ట్రములో 1966 చట్టముతో తెలుగు అధికారభాష అయినది. తెలంగాణములో 2017లో ఉర్దూను రాష్ట్రమంతటికి రెండవ అధికారభాషగా చేసినారు. చట్టములో రెండు భాషలు ఉన్నవి. చేతికి వచ్చే కాగితములో, కంప్యూటరు తెరమీద చాల చోట్ల కనిపించేది మూడవ భాష ఇంగ్లీషు. ఇంగ్లీషు మీద మాకు ద్వేషము లేదు. వేరు వేరు రాష్ట్రాలనుండి వచ్చినవారికి అది ఉపయోగించే భాషయే. కాని ఒక ఉదాహరణము చూడండి. 2020లో వచ్చిన కట్టడాల అనుమతి చట్టము 75 చదరపు గజాల వరకు గల స్థలములో చిన్న ఇల్లు కట్టుకొనేవారికి అనుమతి అవసరము లేదని, ఒక్క రూపాయితో పేరు నమోదు చేసుకొంటే చాలునని చెప్పినది. ఇరుకు సందులలో బ్రతికే బీదవానికి ఇంతకంటె మేలైన నిబంధన ఏమున్నది? ఆ సంగతి అతనికి అర్థమయ్యే మాటలలో చేరకపోతే, రూపాయి పనికి దళారికి వేలు సమర్పించుకొంటాడు. ఏప్రిల్ మాసములోనే ఏడాది ఇంటి పన్ను చెల్లించినవారికి నూటికి అయిదు చొప్పున తగ్గించే పద్ధతి కొన్ని ఏండ్లు నడచినది. చదివినవారికి ఆ తగ్గింపు దక్కినది. చదువలేనివారికి జరిమానా నోటీసు దక్కినది. భాష తెలియకపోవడము కూడ ఒక పన్నువంటిదే. అది బీదవాని మీదనే ఎక్కువగా పడుతున్నది.

డబ్బు నష్టమైతే ఓర్చుకోవచ్చును. ప్రాణము మాట వేరు. 2025 సెప్టెంబరు చివరి వారములో కుండపోత వానలు కురిసి, ఎగువ జలాశయాల తలుపులు ఎత్తగా, మూసీ పొంగి గౌలిగూడ దగ్గరి మహాత్మాగాంధీ బస్సు స్టేషనులోనికి నీరు వచ్చినది. రాత్రివేళ ప్రయాణికులు నీటి నడుమ చిక్కుకొన్నారు. వారిలో తెలుగువారు ఉన్నారు, తెలుగు రానివారు ఉన్నారు. నూట పదిహేడేండ్ల తరువాత, అదే సెప్టెంబరు చివర, నది తన పాతదారిని జ్ఞాపకము చేసినది. అట్టి వేళ హెచ్చరిక ఒకే భాషలో ఉంటే, రెండవ భాషవానికి అది వట్టి చప్పుడే. ఎన్ని భాషలవారు నది ఒడ్డున నిద్రిస్తున్నారో అన్ని భాషలలో హెచ్చరించవలసిన బాధ్యత పాలకులది. రేడియోలో పనిచేసే మాకు ఈ సంగతి వృత్తిరీత్యా తెలుసును. 1935లో దక్కను రేడియోగా ఆరంభమైన ఈ నగరపు ప్రసారము తొలినాళ్ళలో ఉర్దూకే పెద్దపీట వేసినప్పటికి, తెలుగు, మరాఠీ, కన్నడముల వంతు కూడ ఉంచినది. వినేవాని భాషలో చెప్పినదే వార్త.

అన్ని భాషలలో పని జరపడము సాధ్యమేనా అని కొందరు సందేహించవచ్చును. ఫిన్లండు దేశమును చూడండి. అక్కడి చట్టము ప్రకారము ఒక పురములో ఫిన్నిషు, స్వీడిషు భాషలలో తక్కువ సంఖ్యగల భాషవారు నూటికి ఎనిమిదిమంది ఉన్నా, లేక మూడువేలమంది ఉన్నా ఆ పురము ద్విభాషాపురమవుతుంది. అక్కడ పౌరుడు తన భాషలో అడుగవచ్చును, తన భాషలో జవాబు పొందవచ్చును. బెల్జియము రాజధాని బ్రస్సెల్సులో వీధి పేర్లు ఫ్రెంచిలోను, డచ్చిలోను పక్కపక్కన ఉంటాయి. గన్‌ఫౌండ్రీని తోప్ కా సాంచాగా తెలిసిన నగరమునకు ఇది కొత్త పాఠము కానక్కరలేదు.

కావలసినది పెద్ద ఖర్చుతో కూడిన పని కాదు. ప్రతి వార్డు కార్యాలయము గోడమీద ఒక పలక ఉండవలెను. నీటికి ఎవరిని, దీపమునకు ఎవరిని, చెత్తకు ఎవరిని, జనన మరణ పత్రాలకు ఎవరిని అడుగవలెనో దానిమీద తెలుగులోను, ఉర్దూలోను స్పష్టముగా వ్రాయవలెను. ఆ వార్డులో మరాఠీవారో, గుజరాతీవారో, కన్నడమువారో ఎక్కువగా ఉంటే వారి భాషలో కూడ ఒక పంక్తి చేర్చవలెను. పన్ను నోటీసులోని ముఖ్యమైన నాలుగు మాటలు, అనగా ఎంత, ఎందుకు, ఎప్పటిలోగా, అభ్యంతరముంటే ఎవరికి, ఇంటివారి భాషలో ఉండవలెను. వార్డు సంఘాలు కాగితము మీద కాక వీధిలో సమావేశము కావలెను. అన్నిటికంటె ముఖ్యముగా ఎన్నికలు గడువు తప్పక జరుగవలెను.

అయితే ఇదంతయు పాలకులే చేయవలెనని మనము చేతులు కట్టుకొని కూర్చుండరాదు. శ్రోతలకు మా మనవి ఇది: సరిహద్దులు మారుతున్న ఈ కాలములో మీ ఇల్లు ఏ వార్డులో ఉన్నదో తెలుసుకొనండి. ఓటర్ల జాబితాలో మీ పేరు ఉన్నదో లేదో చూచుకొనండి. పక్కయింటి పెద్దమనిషికి తెలుగు రాకపోతే వచ్చిన నోటీసును చదివి చెప్పండి. మీకు ఉర్దూ రాకపోతే వారిచేత చదివించుకొనండి. వార్డు సభలో ఎవరైనా తనకు వచ్చిన భాషలో లేచి మాట్లాడితే, ఆ మాట పూర్తి అయ్యేవరకు వినండి. 1921లో జాంబాగు నాటకశాలలో ఒక మాట మధ్యలో ఆగిపోయినది. అట్టిది ఈ నగరములో ఏ భాషకును మరల జరుగకుండ చూడడము, ఆనాడు నొచ్చుకొన్నవారి వారసులమైన మన పని.